డీర్ మౌస్ మీద పీహెచ్‌డీ: అందులో ఏముంది, ప్రమాదం ఎంత?

మీరు రెండు విషయాలు అడిగారు. మీ అమ్మాయికి అమెరికాలో మోంటానా రాష్ట్రంలో పీహెచ్‌డీ సీటు వచ్చింది, డీర్ మౌస్ అనే అడవి ఎలుకల్ని పట్టి, పరిశీలించి, వదిలే పని. "ఎలుకల మీద అన్నేళ్ళు చదవడానికి ఏముంది, దానికి విలువ ఉందా" అన్నది మొదటిది. "నెట్‌లో చూస్తే హంటా వైరస్ అంటున్నారు, సోకినవాళ్ళలో మూడో వంతుకు పైగా చనిపోతారంటున్నారు, పంపాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది" అన్నది రెండోది. నేను చాలా ఏళ్ళు అడవి ఎలుకల మీద ఫీల్డులో పని చేశాను, మొదట గోదావరి డెల్టా వరి చేలల్లో, తర్వాత అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో. మీ రెండు ప్రశ్నలకీ జవాబు ఒక్కచోటే ఉంది కాబట్టి కలిపే చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ జంతువు సంగతి. డీర్ మౌస్ మన ఇళ్ళల్లో తిరిగే చిట్టెలుకంత ఉంటుంది, బరువు 20 గ్రాములకు అటూఇటూ. వీపు గోధుమ రంగు, పొట్టా పాదాలూ తెలుపు, తోక పైన ముదురుగా, కింద తెల్లగా ఉంటుంది. పెద్ద కళ్ళు, పెద్ద చెవులు. చూపుకి చిట్టెలుకే అనిపించినా వంశం వేరు. పెరోమిస్కస్ అనే ఈ ప్రజాతి హామ్‌స్టర్లకు దగ్గరి చుట్టం. చిట్టెలుక వంశం నుంచి విడిపోయి సుమారు 2.5 కోట్ల ఏళ్ళు అయిందని అంచనా. ఇది ఉత్తర అమెరికా జంతువు, మన దేశంలో లేదు. అక్కడ మాత్రం లేని చోటు వెతుక్కోవాలి. కెనడా అడవుల నుంచి మెక్సికో దాకా, సముద్రమట్టానికి దిగువన ఉన్న డెత్ వ్యాలీ ఎడారి నుంచి కొలరాడోలో 4,300 మీటర్ల ఎత్తున్న కొండకొన దాకా బతుకుతుంది. గింజలు, పురుగులు, ఏది దొరికితే అది తింటుంది. మూడు వారాలు దాటగానే ఈనుతుంది, ఈతకు మూడు నుంచి అయిదు పిల్లలు. ఆ పిల్లలు పాలు తాగుతుండగానే తల్లి మళ్ళీ చూడి కట్టగలదు. అడవిలో చాలావాటికి ఏడాది ఆయుష్షు కూడా ఉండదు. తిండి దొరికితే అమాంతం పెరగడం, దొరక్కపోతే అంత వేగంగానూ తగ్గిపోవడం దీని స్వభావం. ఈ ఒక్క లక్షణం గుర్తుంచుకోండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

1993 మే నెలలో న్యూ మెక్సికోలోని గాలప్ ఊళ్ళో నవాహో అనే అక్కడి ఆదివాసీ జాతికి చెందిన ఒక యువకుడు ఊపిరాడక ఆస్పత్రికి చేరి చనిపోయాడు. పరుగు పందేల్లో పేరున్న కుర్రాడు, అంతకుముందు ఏ జబ్బూ లేదు. అతను పెళ్ళి చేసుకోవాల్సిన అమ్మాయి కూడా కొద్దిరోజుల ముందే అలాగే పోయింది. న్యూ మెక్సికో, అరిజోనా, కొలరాడో, యూటా నాలుగూ కలిసే ఆ ప్రాంతంలో ఇలాంటి మరణాలు ఇంకొన్ని బయటపడ్డాయి. పత్రికలు దాన్ని 'నవాహో ఫ్లూ' అని రాసి ఆ జనాన్ని ఎంతో క్షోభ పెట్టాయి. జబ్బు వచ్చినవాళ్ళ కులాన్నో జాతినో పట్టుకుని పేరు పెట్టడం ఎంత తప్పో దీన్ని చూస్తే తెలుస్తుంది, ఎందుకంటే ఆ జబ్బుకి నవాహోలతో సంబంధమే లేదు.

అట్లాంటాలో ఉన్న అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ల్యాబ్ కొన్ని వారాల్లోనే అది హంటా వైరస్ కుటుంబానిదని పట్టుకుంది. అప్పటిదాకా హంటా అంటే ఆసియా, యూరప్ దేశాల్లో మూత్రపిండాల్ని దెబ్బతీసే జ్వరం అనే తెలుసు. కొరియా యుద్ధంలో 3,000 మందికి పైగా సైనికులు దాని బారిన పడ్డారు. ఆ వైరస్‌ని కొరియా శాస్త్రవేత్త హో వాంగ్ లీ 1970లలో పొలం ఎలుకల నుంచి వేరుచేశారు. ఊపిరితిత్తుల్ని నీటితో నింపేసే హంటా ఉంటుందని మాత్రం 1993 ముందు ఎవరికీ తెలియదు. ఆ వేసవిలో ఇళ్ళ చుట్టుపక్కల ఎలుకల్ని పట్టి పరీక్షిస్తే డీర్ మైస్‌లో (డీర్ మౌస్‌కి బహువచనం) దాదాపు 30 శాతానికి వైరస్ సోకిన ఆనవాళ్ళు కనిపించాయి. ఆ వైరస్‌కి చివరికి సిన్ నాంబ్రే అని పేరు స్థిరపడింది.

ఇంతవరకు డాక్టర్లు, ల్యాబ్‌ల ఘనత. 'ఆ ఏడాదే ఎందుకు' అన్న ప్రశ్నకి జవాబు ల్యాబ్‌లో లేదు. న్యూ మెక్సికోలో సెవిల్లేటా అనే చోట న్యూ మెక్సికో యూనివర్సిటీ వాళ్ళు 1989 నుంచి ఏ జబ్బు గురించీ కాకుండా, ఎడారి జీవావరణం అర్థం చేసుకోవడానికి ఏటా ఎలుకల్ని పట్టి లెక్కపెడుతున్నారు. రాబర్ట్ పార్మెంటర్ బృందం ఆ లెక్కలు తీసి చూస్తే 1992 మే కన్నా 1993 మేలో డీర్ మైస్ పది రెట్లు ఉన్నాయి. కారణం ఆకాశంలో ఉంది. కొన్నేళ్ళ కరువు తర్వాత ఎల్ నినో వల్ల వానలూ మంచూ బాగా పడ్డాయి. గడ్డి పెరిగింది, పిన్యాన్ అనే పైన్ చెట్లు గింజలు విరగకాశాయి, మిడతలు పెరిగాయి, ఎలుకలు పెరిగాయి. నవాహో పెద్దలు కూడా ఇదే మాట వాళ్ళ పద్ధతిలో చెప్పారు. గింజలు బాగా కాసిన ఏడు ఎలుకలు పెరుగుతాయి, వాటిని ఇంట్లోకి రానివ్వకూడదు, జబ్బు వస్తుంది అని వాళ్ళకి తరాలుగా ఉన్న కట్టుబాటు.

ఇంకొక ఆధారం కూడా అదే యూనివర్సిటీ మ్యూజియంలో దొరికింది. టెర్రీ యేట్స్ నడిపిన సేకరణలో అంతకు ముందు ఏళ్ళలో పట్టిన ఎలుకల కణజాలం గడ్డకట్టించి దాచి ఉంచారు. అందులో వెతికితే వైరస్ 1993 కంటే ముందు నుంచే ఉందని తేలింది. తర్వాత పాత కేసులు తవ్వితే 1959లో యూటాలో చనిపోయిన ఒకాయనకి కూడా ఇదే జబ్బు అని బయటపడింది. అంటే వైరస్ కొత్తగా పుట్టుకు రాలేదు, పాతదే. మనుషుల గడప దాకా దాన్ని తెచ్చింది ఎలుకల సంఖ్య. 'ఎలుకల్ని లెక్కపెట్టడం కూడా ఒక చదువేనా' అని ఎవరైనా మీ దగ్గర అంటే ఈ సంగతి చెప్పండి. ఏ లాభమూ కనబడకుండా ఏళ్ళ తరబడి నోట్‌బుక్కులు నింపినవాళ్ళు లేకపోతే ఆ ఏడాది అంత త్వరగా అంత తేటగా ఏదీ అర్థమయ్యేది కాదు. నా దృష్టిలో ఆ కథలో అందరికంటే పెద్ద పని వాళ్ళదే.

మీ అమ్మాయి వెళ్ళబోయే మోంటానాకి ఈ విషయంలో ప్రత్యేకమైన పేరుంది. రిచర్డ్ డగ్లస్ అనే ఆయన బృందం 1994 నుంచి అక్కడ ఏళ్ళ తరబడి డీర్ మైస్‌ని పట్టి, చెవికి చిన్న లోహపు ట్యాగ్ వేసి, రక్తపు చుక్క తీసి, పట్టిన చోటే వదిలేస్తూ వచ్చింది. అలా ఒక్కో ఎలుక ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు వైరస్ సోకింది, ఎన్నాళ్ళు బతికింది అన్నది తెలుస్తుంది. వైరస్ ఎలుకకి పెద్దగా జబ్బు చెయ్యదు. బతికినంత కాలం ఒంట్లో ఉంటుంది, మూత్రంలో, ఉమ్మిలో, పెంటికల్లో బయటికి వస్తుంది. తల్లి కడుపులోంచి పిల్లకి రాదు. పెద్దయ్యాక ఒకదాన్నొకటి కరుచుకుని, గీరుకుని అంటించుకుంటాయి, అందుకే పెద్ద మగ ఎలుకల్లో ఎక్కువ కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. ఎలుకలు పెరిగిన వెంటనే వైరస్ శాతం పెరగదు, కొన్నిసార్లు తగ్గుతుంది కూడా. కొత్తగా పుట్టిన పిల్లలన్నీ ఆరోగ్యంగా ఉంటాయి కదా, వాటివల్ల శాతం పలచబడుతుంది. ఆ ఎలుకలు పెద్దవై, చలికాలం గడిచి, మరుసటి వసంతానికి మిగిలేవి ముదురు ఎలుకలు. అప్పుడు శాతం పైకి లేస్తుంది. ఈ ఆలస్యం తెలియాలంటే ఒక ఏడాది పని చాలదు. ఒక్క ఏడాది చూసినవాడికి 'ఎక్కువ ఎలుకలు, తక్కువ వైరస్' అని తప్పుడు జవాబు వస్తుంది. యూటాలో డెనీస్ డియరింగ్ వాళ్ళ పరిశోధనలో ఇంకో కోణం తెలిసింది. పక్కన వేరే జాతుల చిన్న జంతువులు రకరకాలుగా ఉన్న చోట డీర్ మైస్ ఒకదాన్నొకటి కలుసుకోవడం తగ్గి వైరస్ శాతం తక్కువగా ఉంటుంది.

మోంటానా పరిశోధనల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది నాప్‌వీడ్ కథ. యూరప్ వైపు నుంచి వచ్చిన నాప్‌వీడ్ అనే కలుపు అక్కడ పచ్చిక బయళ్ళని ఆక్రమించింది. మన దగ్గర వయ్యారిభామని తినడానికి 1984లో మెక్సికో పెంకుపురుగుని బెంగళూరులో వదిలారే, అలాగే అక్కడ ఆ కలుపు విత్తనాల్ని తగ్గించడానికి 1970లలో ఒక రకం ఈగల్ని వదిలారు. ఈగల పిల్లపురుగులు ఆ మొక్క పూలగుత్తిలోనే చలికాలమంతా ఉంటాయి. కలుపు తగ్గలేదు, ఈగలు మాత్రం కోకొల్లలుగా పెరిగాయి. మంచు కాలంలో వేరే తిండి లేని డీర్ మైస్‌కి ఆ పురుగులు పెద్ద విందు అయ్యాయి. డీన్ పియర్సన్, రే క్యాలవే 2006లో ప్రచురించిన పనిలో ఆ కలుపూ ఈగలూ ఉన్న చోట్ల వైరస్ సోకిన ఎలుకలు మూడు రెట్లకు పైగా ఎక్కువ ఉన్నట్టు తేలింది. ఒక కలుపు మొక్క, దాని మీద వదిలిన ఈగ, ఈగ పిల్లని తిన్న ఎలుక, ఎలుకలోని వైరస్, చివరికి మనిషి. దీన్ని ఆస్పత్రిలో కూర్చున్న ఏ డాక్టరూ కనిపెట్టలేడు, చలిలో మంచులో బోనులు పెట్టి తిరిగినవాళ్ళే కనిపెట్టాలి.

తూర్పు రాష్ట్రాల్లో ఇదే వరస వేరే జబ్బుతో నడుస్తుంది. అక్కడ డీర్ మౌస్‌కి అక్కలాంటి తెల్లపాదాల ఎలుక ఉంటుంది. లైమ్ జ్వరం తెచ్చే బాక్టీరియాకి అదే ముఖ్యమైన నెలవు. అప్పుడే పుట్టిన గోమార్లలో ఆ బాక్టీరియా ఉండదు, ఈ ఎలుక రక్తం తాగినప్పుడు వాటికి అంటుతుంది. ఓక్ చెట్లు కాయలు విరగకాసిన ఏడాది తర్వాత ఎలుకలు పెరుగుతాయి, ఆపై ఏడాది జబ్బు మోసే గోమార్లు పెరుగుతాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని కేరీ ఇన్‌స్టిట్యూట్‌లో రిచర్డ్ ఆస్ట్‌ఫెల్డ్ వాళ్ళు ఈ లంకెను ఏళ్ళ తరబడి వెంబడించి చూపించారు. ఓక్ కాయల్ని చూసి రెండేళ్ళ తర్వాతి జబ్బు గురించి హెచ్చరించవచ్చన్నమాట.

జబ్బుల సంగతి పక్కన పెట్టినా ఈ ఎలుకలో చదవాల్సింది చాలా ఉంది. అన్నీ చెప్పను, మీ అమ్మాయితో మాట్లాడటానికి పనికొచ్చేవి కొన్ని చెబుతాను. ల్యాబ్‌లో వాడే తెల్ల ఎలుకలు వందేళ్ళుగా పంజరాల్లో పెరిగినవి, వాటికి ఎండా వానా గుడ్లగూబా తెలియవు. డీర్ మౌస్ ఇప్పటికీ అడవిలోనే ఉంది కాబట్టి పరిణామం పని చేస్తుండగా పట్టుకోవచ్చు. నెబ్రాస్కాలో లేత రంగు ఇసుక దిబ్బలున్నాయి, అవి ఏర్పడి పది వేల ఏళ్ళ పైచిలుకు కూడా అయి ఉండదు. ఆ ఇసుక మీద ఉండే డీర్ మైస్ లేత రంగులో, పక్కన నల్లమట్టి మీద ఉండేవి ముదురు రంగులో ఉంటాయి. హార్వర్డ్‌లో హోపి హెక్‌స్ట్రా బృందం రెండు చోట్లా పెద్ద ఆవరణలు కట్టి, రెండు రకాల ఎలుకల్నీ వదిలి, నెలల తర్వాత ఎవరు మిగిలారో చూసింది. ఇసుక మీద లేతవి, నల్లమట్టి మీద ముదురువి ఎక్కువ మిగిలాయి, వాటితోపాటు వెంట్రుకల రంగుకి సంబంధించిన అగూటి అనే జన్యువులో ఒక మార్పు వాటా కూడా మారింది. 2019లో అచ్చయింది.

వీళ్ళదే ఇంకో పని బొరియల మీద. డీర్ మౌస్ చిన్న బొరియ తవ్వి ఊరుకుంటుంది. దాని దగ్గరి బంధువు, ఆగ్నేయ రాష్ట్రాల్లో ఉండే ఓల్డ్‌ఫీల్డ్ ఎలుక పొడవాటి సొరంగం తవ్వి, పాము వస్తే పారిపోవడానికి వెనక ఇంకో దారి కూడా పెడుతుంది. ఎన్నడూ మట్టి చూడకుండా ల్యాబ్‌లో పుట్టిన పిల్లల్ని మట్టిలో వదిలినా తమ జాతి పద్ధతిలోనే తవ్వాయి. రెంటినీ సంకరం చేసి, బొరియల్లోకి ఫోమ్ పోసి అచ్చులు తీసి కొలిస్తే, ఆ నైపుణ్యం వెనక ఉన్నవి జన్యువుల్లో కొద్ది భాగాలేనని 2013లో తేలింది. కొండల మీద ఉండే డీర్ మైస్ హీమోగ్లోబిన్ పలచటి గాలిలోంచి ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకునేలా మారడం గురించి నెబ్రాస్కా యూనివర్సిటీలో జే స్టోర్జ్ చేసిన పని కూడా చదవమనండి. కోవిడ్ వచ్చినప్పుడు కూడా కొలరాడో ల్యాబ్‌లో ఈ ఎలుకలకి ఆ వైరస్ సోకుతుందని, ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్తుందని 2021లో చూపించారు.

ఇక మీ అసలు భయం. సిన్ నాంబ్రే సోకినవాళ్ళలో మరణాలు 35 నుంచి 40 శాతం మధ్య. ఇది నిజం, తగ్గించి చెప్పను. సన్నటి రక్తనాళాలు కారిపోయి ఊపిరితిత్తులు నిండుతాయి, ప్రత్యేకమైన మందు లేదు, టైముకి పెద్దాస్పత్రికి చేరితే ఒంటి బయటే రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే ఎక్మో యంత్రంతో చాలామందిని బతికించగలుగుతున్నారు. అయితే జబ్బు ఎంత ప్రమాదకరమో, అది సోకే అవకాశం ఎంతో రెండూ వేర్వేరు. 1993 నుంచి 2022 చివరి దాకా, దాదాపు ముప్పై ఏళ్ళలో, అమెరికా మొత్తంలో నమోదైన హంటా కేసులు 864. అంత పెద్ద దేశంలో, ఊరూరా ఉన్న ఎలుకతో. సిన్ నాంబ్రే మనిషి నుంచి మనిషికి అంటదు. అలా అంటేది దక్షిణ అమెరికాలో ఉన్న ఆండెస్ అనే రకం, అది వేరే ఎలుకది.

సోకే దారి దాదాపు ఎప్పుడూ ఒకటే. మూసి ఉన్న గదిలో ఎండిన మూత్రం, పెంటికలు, గూటి చెత్త దుమ్ముగా లేస్తాయి, ఆ గాలి పీలుస్తారు. చలికాలమంతా మూసి ఉంచిన షెడ్డు, అటక, సెలవుల్లో తెరిచే చెక్క ఇల్లు, పాత కారు. అక్కడికి వెళ్ళి చీపురు పట్టుకున్న మామూలు మనుషులే ఎక్కువగా జబ్బు పడుతున్నారు. 2012లో యోసెమిటీ నేషనల్ పార్కులో 10 మందికి సోకి ముగ్గురు చనిపోయారు. ఎక్కువమంది ఒకే రకం గుడారపు గదుల్లో దిగినవాళ్ళు. చలి ఆగడానికి గోడల్ని రెండు పొరలుగా కట్టారు, ఆ రెండు పొరల మధ్య ఎలుకలు గూళ్ళు పెట్టాయి. 2025లో నటుడు జీన్ హాక్‌మన్ భార్య బెట్సీ అరకావా న్యూ మెక్సికోలో ఇంట్లో చనిపోయింది కూడా ఈ జబ్బుతోనే. వీళ్ళెవరూ ఎలుకల శాస్త్రవేత్తలు కారు. అడవి ఎలుకల్ని చేతుల్తో పట్టే పరిశోధకుల రక్తం కూడా పరీక్షించి చూశారు, వైరస్ సోకిన గుర్తులు చాలా కొద్దిమందిలోనే కనిపించాయి. ప్రమాదం సున్నా కాదు, కానీ ఆ దుమ్ము ఎక్కడుందో తెలిసినవాళ్ళకి అది బాగా తగ్గుతుంది.

మీ అమ్మాయి చేసే పని ఎలా ఉంటుందంటే, సాయంత్రం మడతపెట్టే అల్యూమినియం బోనుల్లో ఓట్స్, పల్లీ వెన్న ఎర పెట్టి, చలికి ఎలుక చావకుండా కొంచెం దూది వేసి వరసగా పెడతారు. తెల్లారగానే చూస్తారు. ఎలుకని సంచిలోకి దులిపి, తూకం వేసి, ఆడా మగా చూసి, ట్యాగ్ వేసి వదిలేస్తారు. ఇదంతా బయట, గాలి ఆడే చోట. రక్తం తీసే ప్రాజెక్టు అయితే చేతులకి గ్లవ్స్, ముఖానికి ఫిల్టర్ ఉన్న రెస్పిరేటర్ వేసుకుని, గాలి తమ వెనక నుంచి ఎలుక వైపు వీచేలా నిలబడి చేస్తారు. వాడిన బోనుల్ని మందు నీళ్ళలో ముంచి కడుగుతారు.

నేను చూసినంతలో అసలు జాగ్రత్తపడాల్సింది బోను దగ్గర కాదు, పడుకునే చోట. ఫీల్డ్ స్టేషన్ గదులు, పరికరాలు దాచే షెడ్లు చలికాలమంతా మూసి ఉంటాయి, మే నెలలో విద్యార్థులు వచ్చి తలుపు తీసి ఊడ్చేస్తారు. అది చెయ్యకూడదు. తలుపులూ కిటికీలూ తెరిచి కనీసం అరగంట బయట ఉండాలి. పెంటికలు కనబడితే ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి బాగా తడిపి, అయిదు నిమిషాలు ఆగి, గ్లవ్స్‌తో తుడిచి తీసెయ్యాలి. చీపురు, వ్యాక్యూమ్ రెండూ వాడకూడదు.

మీరు ఇండియాలో ఉంటే ఇలాంటివి ఉండవు కదా అనుకోవచ్చు. ఒక వివరం చెబుతాను. కొరియాలో హంటాని వేరుచెయ్యకముందే, 1964లో మన పక్కనే వెల్లూరులో ఒక చుంచు నుంచి వైరస్‌ని వేరుచేశారు. అది హంటా కుటుంబానిదేనని తర్వాత తెలిసింది. ఆ పేట పేరుతో దాన్ని తొట్టపాలెయం వైరస్ అంటారు. మన డెల్టాలో వానాకాలం వరి చేలల్లో తిరిగేవాళ్ళకి ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, పొదల్లో ఎలుకల మీద బతికే నల్లుల్లాంటి పురుగు కుట్టి స్క్రబ్ టైఫస్ వస్తుంది. ఇవి హంటా కంటే ఎన్నో రెట్లు ఎక్కువమందిని ఆస్పత్రికి పంపుతున్నాయి. మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో ఎలుకల నియంత్రణ మీద పని జరుగుతుంది కానీ, ఒకే చేనులో ఎలుకనీ వాననీ జ్వరాన్నీ కలిపి ఏళ్ళ తరబడి చూసేవాళ్ళు మనకి ఇంకా చాలామంది కావాలి. మోంటానాలో మీ అమ్మాయి నేర్చుకునే పద్ధతి, అంటే పట్టి, గుర్తు వేసి, వదిలి, మళ్ళీ పట్టడం, ఆ లెక్కల్ని వాతావరణంతో కలిపి చూడటం, ఏ దేశంలో ఏ ఎలుకకైనా పనికొస్తుంది. అందుకే ఉద్యోగం గురించి కూడా నాకు దిగులు లేదు. ప్రజారోగ్యం, వన్యప్రాణి విభాగాలు, వ్యవసాయ పరిశోధన మూడింటిలోనూ ఈ చదువుకి దారి ఉంది.

సీటు ఒప్పుకునే ముందు ఆమె తన అడ్వైజర్‌ని, అంటే పీహెచ్‌డీ గైడ్‌ని, కొన్ని విషయాలు సూటిగా అడగాలి. ప్రాజెక్టులో రక్తం, మూత్రం నమూనాలు ఉన్నాయా, ఉత్త లెక్కలేనా? రెస్పిరేటర్ ఎవరు కొంటారు, ముఖానికి సరిగ్గా అతుకుతుందో లేదో పరీక్ష చేయిస్తారా? మొదటిసారి ఫీల్డుకి వెళ్ళే ముందు ఎవరు నేర్పిస్తారు? వేసవిలో ఉండే గదిని ఎవరు, ఎలా శుభ్రం చేస్తారు? దగ్గర్లో పెద్ద ఆస్పత్రి ఎంత దూరం? ఇవి అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దని చెప్పండి. మంచి అడ్వైజర్ వీటికి తడుముకోకుండా జవాబు చెబుతారు. నసిగితే, విసుక్కుంటే మాత్రం ఆ ల్యాబ్ గురించి మళ్ళీ ఆలోచించండి.

అక్కడికి వెళ్ళాక ఒక్క నియమం ఎప్పుడూ మరవకూడదు. వైరస్ సోకిన వారం నుంచి ఎనిమిది వారాల లోపు లక్షణాలు రావచ్చు. మొదట ఫ్లూ లాగే జ్వరం, నీరసం, తొడల్లో నడుములో నొప్పులు, నాలుగైదు రోజులకో పది రోజులకో దగ్గు, ఆయాసం. ఫీల్డు సీజన్‌లో, ఆ తర్వాత రెండు నెలల దాకా, జ్వరం వస్తే ఇంట్లో మాత్ర వేసుకుని పడుకోకుండా ఆస్పత్రికి వెళ్ళి, డాక్టరు అడగకపోయినా "నేను డీర్ మైస్‌తో పని చేస్తాను" అని తనే ముందు చెప్పాలి. ఆ మాట వింటే డాక్టరు ప్లేట్‌లెట్లు చూస్తారు, హంటా పరీక్షకి పంపుతారు. వినకపోతే ఫ్లూ అనుకుని ఇంటికి పంపెయ్యచ్చు. అడ్వైజర్ ఏం జవాబు ఇచ్చారో ఇక్కడ రాయండి, చూసి నాకు తోచింది చెబుతాను.